ఎర్ర లేబులు కింది గొంతు

ఆ వేసవిలో మా పెరటి తీగల మీద ఆరిన దుప్పట్లలో కొన్ని దుప్పట్లు కావు.

ముందు నాకూ తెలియలేదు. విట్మర్ గారింటి మూట విప్పి, తెల్లగా కనబడిందల్లా కాగులో పడేస్తున్నాను. మా అత్త క్లెమీ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మూటలోంచి ఒకటి పైకి తీసి విదిలించింది. పొడుగు అంగీ. దాంతోపాటే మొన తేలిన ముసుగు, కళ్ళ దగ్గర రెండు చిల్లులు.

"దీన్ని దేంతో ఉతుకుతారత్తా?" అన్నాను. అంతకన్నా ఏమనాలో తోచలేదు.

"సబ్బుతోనే," అంది. "నీలిమందు మాత్రం ఇంకో చిటికెడు ఎక్కువెయ్యి. తెలుపు దగ్గర వీళ్ళకి పట్టింపు జాస్తి."

పంతొమ్మిది వందల ఇరవై మూడో సంవత్సరం అది, ఇండియానాలో. ఊళ్ళో స్తంభాలన్నిటికీ కాగితాలు అంటించారు. జూలై నాలుగున పండగ, ఏటి అవతలి మైదానంలో ముసుగువాళ్ళ ఊరేగింపు, కుటుంబాలతో రండి అని. ఆ ముసుగులు తొడిగేది మా నల్లవాళ్ళని బెదిరించి కొట్టే తెల్లవాళ్ళు. మా పేటలో అందరూ ఆ కాగితాలు చూసి చూడనట్టు నడిచేవాళ్ళు. నాకు మాత్రం వాటి లోపలి సంగతి వారానికోసారి మూటకట్టి ఇంటికొచ్చేది.

ఏ ఇంటి బట్ట ఆ ఇంటికే చేరాలని మా అత్త అంచు లోపలి మడతలో రంగుదారంతో ముడులు వేసేది. విట్మర్ గారిల్లు ఆకుపచ్చ ముడి జంట. మూలమీద కిరాణా కొట్టు షావుకారు నీలం. బీమా వసూలుకు వచ్చే ఆయన పసుపు. ఆరో తరగతిలో బడి మాన్పించి మా అమ్మ నాకు ఉతకడం నేర్పితే, అత్తగారింట్లో ఈ ముడుల చదువు అబ్బింది. జూన్ సగానికొచ్చేసరికి ఆ రంగులు ఒక్కొక్కటే అంగీల అంచుల్లోకి వచ్చి చేరాయి. బీమా ఆయన మా పిల్లాడు లెవీ బుగ్గ గిల్లి నవ్వించేవాడు. ఆయన పసుపు ముడి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

మొదటి అంగీ తీగెక్కిన రోజే వర్నీస్ వచ్చింది.

పెరటి గేటు దగ్గర అట్టపెట్టె పట్టుకుని నిలబడింది. చామనఛాయ, పెద్ద నోరు, ముందు పన్ను ఒకటి బంగారంది. గుడారాల నాటకాల కంపెనీతో ఊరూరా తిరిగి పాడే మనిషి. మా ఊరి పియానోల ఫ్యాక్టరీవాళ్ళు గ్రామఫోను ప్లేట్లు కూడా తీసేవాళ్ళు. పాడటానికి షికాగో నుంచీ దక్షిణాది నుంచీ మనవాళ్ళు రైల్లో దిగేవాళ్ళు. టౌనులో ఏ హోటలూ వాళ్ళకు గది ఇవ్వదు గనుక మా వీధి ఇళ్ళలోనే బస.

తీగ మీద అంగీ గాలికి చేతులు ఊపుతోంది. వర్నీస్ దాన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"చెల్లీ, ఇక్కడ గది ఖాళీ ఉందన్నారు," అంది. "నాకన్నా ముందే ఎవరో దిగినట్టున్నారే."

"వాళ్ళకి లోపల చోటివ్వం. బయటే," అంది మా అత్త. "నువ్వు లోపలికి రామ్మా. కాళ్ళు కడుక్కో."

మా ఆయన హోసియా ఆ ఫ్యాక్టరీలోనే ప్లేట్లు అచ్చొత్తే పాకలో పని చేసేవాడు. కాగిన నల్లటి పిండిముద్దని లేబుళ్ళ మధ్య పెట్టి, పైనొక అచ్చు, కిందొక అచ్చు మూసి నొక్కితే ప్లేటు వస్తుంది. ఆవిరికి ఆ పాకలో తెల్లవాళ్ళు నిలబడలేరు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా నల్లటి దుమ్ము ఉండేది. కడుక్కునేదాకా నేను లెవీని ఎత్తుకోనిచ్చేదాన్ని కాదు. వాడికి అప్పుడు పళ్ళు వస్తున్నాయి. ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, నా ప్రాణం గుప్పిట్లోకి వచ్చేది. వాడికన్నా ముందు పుట్టిన పిల్ల నాకు దక్కలేదు.

ఆ సాయంత్రం మొక్కజొన్న రొట్టె, చిక్కుడుగింజలు పెట్టుకుని అందరం కూర్చున్నాం.

"ఇంతకుముందు ప్లేట్ల మీద పాడావా అక్కా?" అన్నాడు హోసియా.

"రెండుసార్లు. మొదటిది ఇంకోమె పేరుతో వచ్చింది. రెండోది దారిలో పగిలిపోయిందన్నారు."

"నిజంగా పగిలిందా?"

"అన్నారు," అని రొట్టె తుంచుకుంది వర్నీస్. "ఈసారి నా పేరు వేస్తేనే పాడతానని చెప్పే వచ్చాను. మా అమ్మకి చదువు రాదు. నా పేరొక్కటీ ఎక్కడున్నా గుర్తుపడుతుంది."

"ఆ గొంతేదో దేవుడికిచ్చుంటే నీ పేరు ఆయనే రాసుకునేవాడు," అంది మా అత్త.

"ఇచ్చాను పెద్దమ్మా. నేను పాడితే వెనక వరసలో తాతలు లేచి తైతక్కలాడుతున్నారని పాస్టరుగారే వద్దన్నారు."

మా అత్త నవ్వకూడదనుకుని నవ్వింది. ఇంతలో లెవీ చెవి పట్టుకుని ఏడుపు మొదలెట్టాడు. నేను లేచేలోపే వర్నీస్ వాణ్ణి భుజాన వేసుకుని, నోరు తెరవకుండానే ఏదో కూనిరాగం తీసింది. ఆ రాగం ఆమె గుండెలోంచి వాడి గుండెలోకి నేరుగా వెళ్ళినట్టుంది. వాడు పడుకున్నాడు. ఆ రాత్రి నేనూ పడుకున్నాను.

---

పాడే రోజు ఆమె బూట్లు కిర్రుమంటున్నాయని, మా అత్త మెత్తటి గుడ్డచెప్పులు పట్టుకుని నేను కూడా వెళ్ళాను. లెవీ నా చంకలో ఉన్నాడు.

ఏటి ఒడ్డున, రైలు పట్టాల పక్కన చెక్క షెడ్డు అది. మేం వెళ్ళేసరికి మంచి సూట్లు వేసుకున్న నలుగురు మగవాళ్ళు బయటికి వస్తున్నారు. పొద్దుటి నుంచి వాళ్ళ పాటలు తీశారు. పాత కీర్తనల వరసలకే కొత్త మాటలు కట్టి ముసుగువాళ్ళ కోసం పాడినవి. డబ్బు కట్టినవాళ్ళకి ఎవరికైనా ప్లేట్లు తీసిపెట్టడం ఆ ఫ్యాక్టరీ రివాజు. వాళ్ళలో ఒకాయన తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. ఎవరికోసమా అని వెనక్కి చూశాను. ఎవరూ లేరు. మా గాలి తగలకుండా అంత వెడల్పుగా తెరిచాడని తర్వాత అర్థమైంది.

లోపల గోడలన్నిటికీ తివాచీలు వేలాడదీశారు. మైనం మెత్తగా ఉండాలని కిటికీలు మూసేశారు. గోడలోంచి పెద్ద బూర ఒకటి నోరు తెరుచుకుని బయటికొచ్చింది. దానిలోకి పాడితే అవతలి గదిలో తిరిగే మైనపు బిళ్ళ మీద సూది గీత గీస్తుంది. కార్నెట్ బాకా వాయించే అతను ఒక మూల, పియానో ఇంకో మూల. వర్నీస్ బూర ముందు నిలబడి నోరు తెరవగానే మైనం గది దొర పరుగెత్తుకొచ్చాడు.

"ఎక్కువైంది. సూది ఎగురుతోంది," అని ఆమె భుజాలు పట్టుకుని వెనక్కి జరిపాడు. "ఇక్కణ్ణుంచి పాడు."

పాడింది. "ఇంకో అడుగు వెనక్కి," అన్నాడు. మళ్ళీ పాడింది. "ఇంకొంచెం." అలా జరిపి జరిపి చివరికి ఆమె వీపు తివాచీకి ఆనించాడు. అంత దూరం నుంచి కూడా ఆ గొంతు గదిలో ఎవరికీ చోటు మిగల్చలేదు.

*ఏరొచ్చి గడప తాకింది,*
*పేరెట్టి నన్నే పిలిచింది.*
*వస్తున్నాలే, కాస్తాగు,*
*చెప్పులు వేసుకోనీ.*

వరదల దేశంలో పుట్టిన మనిషి. ఆ పాట ఏడుస్తూ పాడొచ్చు. ఆమె పొరుగింటి మనిషితో మాట్లాడుతున్నట్టు, కాస్త వేళాకోళంగా పాడింది. అందుకే నాకు ఒళ్ళు జలదరించింది. మూడో చరణంలో ఏమైందో, తనకు తెలియకుండానే బూర వైపు నడిచొచ్చింది. గుడ్డచెప్పులు గనుక చప్పుడు లేదు. మైనం గది దొర చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. చివరి మాట అయీ కాకముందే బయట రైలు కూసింది.

"రైలు కూడా పడింది," అన్నాడు దొర చిరాగ్గా. "సరే, చూద్దాం."

బయటికొచ్చాక వర్నీస్ నా చంకలో లెవీని చూసింది. వాడు ఎక్కడా కిక్కురుమనలేదు. "వీడొక్కడికే నచ్చింది," అంది.

---

వారం తిరక్కుండా హోసియా ఆ కబురు తెచ్చాడు. వాకిట్లోనే నిలబడి టోపీ తిప్పుతూ చెప్పాడు.

"పనికిరాదన్నారక్కా. మూడో చరణం దగ్గర గొంతు పగిలి గీత చెదిరిందట. అచ్చు తయారైంది గానీ శనివారం పాత వాటితో కలిపి కరిగించేస్తారు. పండగయ్యాక ఇంకోసారి ప్రయత్నిద్దాం, ఉండమన్నారు."

వర్నీస్ చిక్కుడుకాయలు తుంచుతోంది. తుంచడం ఆపలేదు. "కార్నెట్ కూడా గట్టిగానే వాయించాడు," అంది. "అతన్ని వెనక్కి జరపలేదు."

మర్నాడు కాదు, ఆ మర్నాడు హోసియా తొందరగా వచ్చేశాడు. స్నానం చెయ్యలేదు. చొక్కా కింద ఏదో దాచుకుని వంటింట్లోకొచ్చి తలుపు మూశాడు. బల్ల మీద పెట్టాక చూస్తే ప్లేటు. మధ్యలో ఎర్ర లేబులు. దాని మీద బంగారు రంగులో ముసుగువాళ్ళ గుర్తు, మండుతున్న శిలువ.

"దీన్ని ఇంట్లోకి ఎందుకు తెచ్చావురా?" మా అత్త గొంతు మారిపోయింది.

"విను ముందు."

మా ఇంట్లో పాత గ్రామఫోను ఒకటి ఉండేది, మూత విరిగింది. కీ ఇచ్చి సూది పెట్టాడు. గరగర తర్వాత కార్నెట్. ఆ తర్వాత వర్నీస్.

*ఏరొచ్చి గడప తాకింది...*

వెనక గదిలోంచి వర్నీస్ వచ్చి గుమ్మంలో నిలబడింది. చివర్న రైలు కూత కూడా వినబడింది.

హోసియా చెప్పిందిదీ. పండగ దగ్గరపడుతోందని ముసుగువాళ్ళ ప్లేట్లు ఆ రోజే అచ్చొత్తమన్నారు. అచ్చులుండే బీరువా తాళంచెవి ఫోర్మన్ విట్మర్ దగ్గరే ఉంటుంది. అచ్చు ఎక్కించేదీ దించేదీ ఆయనే, నల్లవాడి చెయ్యి పడకూడదు. ఒకే రోజు పాడినవి గనుక వర్నీస్ అచ్చూ, ఆ నలుగురి అచ్చూ పక్కపక్క అరల్లో ఉన్నాయి. తొందరలో ఆయన ఒకదాని బదులు ఇంకోటి బిగించి, ఎర్ర లేబుళ్ళ కట్ట హోసియా ముందు పడేసి, భోజనానికి వెళ్ళిపోయాడు. మొదటి ప్లేటు తీసి వెలుతురుకి పట్టుకోగానే హోసియాకి తెలిసిపోయింది. మధ్యలో ఒకచోట గీతలు చెదిరి తెల్లటి పట్టీలా మెరుస్తోంది. ఆమె ముందుకు నడిచొచ్చిన చోటు.

"చెప్పాల్సింది కదయ్యా!" అన్నాను.

"ఏమని? మీరు తప్పు చేశారు దొరగారూ అనా? ఆ మాటన్నవాడెవడూ మర్నాడు గేటు లోపల కనబడలేదు."

"ఆ భయమొక్కటేనా?"

హోసియా చేతుల వైపు చూసుకున్నాడు. "శనివారం ఆవిడ కరిగిపోతుంది ఆర్డెల్లా. ఇవాళ సాయంత్రం దాకా నా చేతుల్లోంచి వస్తూనే ఉంది, ఒకదాని మీద ఒకటి. ఆపడానికి చెయ్యి రాలేదు."

వర్నీస్ దగ్గరికొచ్చి ప్లేటు ఎత్తి చూసింది. వేలితో ఎర్ర లేబులు మీద అక్షరాలు తడిమింది. "మొదటిసారి ఇంకోమె పేరు మీద వచ్చాను. ఇప్పుడు వీళ్ళ పేరు మీద వచ్చాను," అంది. "ఎదుగుతున్నానన్నమాట." నవ్వడం మొదలెట్టి ఆపుకోలేకపోయింది.

"నవ్వకు," అంది మా అత్త. "హోసియా, దాన్ని పొయ్యిలో పెట్టు."

"ఇదొక్కటి పెడితే ఏం లాభమమ్మా? మిగతావన్నీ పెట్టెల్లో సర్ది పంపేశారు. పండగలో అమ్ముతారు."

అప్పుడు గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఏటి అవతల మైదానంలో, ఐస్‌క్రీమ్ పక్కన, బల్ల మీద పేర్చి అమ్ముతారు. అందరూ ఇళ్ళకు తీసుకెళ్ళి సూది పెడతారు. అచ్చు ఎక్కించింది ఎవరని ఫ్యాక్టరీలో అడుగుతారు. విట్మర్ దొర నేనే అంటాడా?

"వెళ్ళిపోదాం," అన్నాను. "షికాగోలో మీ అన్న ఉన్నాడు కదా."

"ఇప్పుడు వెళితే చేసినట్టు ఒప్పుకున్నట్టే. ఎవరూ ఏమీ అనకపోవచ్చు కూడా. సిగ్గేసి ఊరుకుంటారేమో."

ఆయన మాట ఆయనే నమ్మలేదని నాకు తెలుసు. గంజిపిండి బస్తా వెనక ఆ ప్లేటు దాచాను. ఆ వారమంతా లెవీ ఒళ్ళు పట్టుకుని చూస్తూనే ఉన్నాను. వాడి ఒళ్ళు చల్లగానే ఉండేది.

---

పండగ రోజు ఏటి అవతలి నుంచి డప్పులు, బ్యాండు వినిపించాయి. మా వీధిలో పిల్లల్ని ఎవరూ బయటికి వదల్లేదు.

సోమవారం మూటలు తెచ్చుకోవడానికి బయల్దేరాను. లెవీని అత్త దగ్గర వదలబుద్ధి కాలేదు, చేతిబండిలో బుట్ట పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఎండ మండుతోంది. అన్ని ఇళ్ళ కిటికీలూ తెరిచి ఉన్నాయి. కిరాణా షావుకారి ఇంటి వెనక గుమ్మం దగ్గర పిలవబోతుంటే లోపల కార్నెట్ మోగింది.

*ఏరొచ్చి గడప తాకింది,*
*పేరెట్టి నన్నే...*

సూది చటుక్కున ఎత్తేశారు. లోపల ఆడమనిషి ఏదో అంది. మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. ఈసారి చరణం మొత్తం పాడనిచ్చారు. తర్వాత ఏదో గోడకు తగిలి ముక్కలైన చప్పుడు. లెవీ మాత్రం ఆ గొంతు గుర్తుపట్టి బండిలో లేచి నిలబడి, చేతులు చాపి కేరింతలు కొట్టాడు. వాడి నోరు చేత్తో మూసి, మూట తీసుకోకుండానే బండి తిప్పేశాను.

విట్మర్ గారింట్లో అమ్మగారు మూట స్వయంగా తెచ్చి ఇచ్చింది. ఎప్పుడూ వంటమనిషి ఇస్తుంది.

"మీ ఇంట్లో ఎవరో పాటగత్తె ఉంటోందటగా?"

"అద్దెకుందమ్మగారూ. వెళ్ళిపోతుంది."

"మీ ఆయన ఒంట్లో బాగుందా? ఆ వేడిలో పని. తల తిరిగి ఏదైనా పొరపాటు చేస్తే ఎవరైనా అర్థం చేసుకుంటారు." కాసేపు నా మొహంలోకి చూసింది. "చేశానని తనే చెప్పేస్తే మంచిది. ఆయనకి రెండు రాత్రులుగా నిద్ర లేదు. వాళ్ళంతా ఈయన్నే అడుగుతున్నారు."

"చెబుతానమ్మగారూ," అన్నాను. ఇంటికొచ్చి మూట విప్పాను. అంగీ ఉంది. చెమటతో మాసింది. కింది అంచు ఊడి వేలాడుతోంది, ఆకుపచ్చ ముడులు బయటికి కనబడుతున్నాయి. ఉతికాను. ఇస్త్రీ చేశాను. బుధవారం పంపించేశాను. అంచు మాత్రం కుట్టలేదు. ఎప్పుడూ అడక్కుండానే కుట్టేదాన్ని. ఆ రోజు సూది పట్టుకోబుద్ధి కాలేదు, అంతే.

---

గురువారం సాయంత్రం వచ్చారు. పొద్దు ఇంకా వాలలేదు. చీకటి పడేదాకా ఆగాలని కూడా వాళ్ళకి అనిపించలేదు.

రెండు కార్లు వీధి చివర ఆగాయి. మా వీధిలో తలుపులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. తెల్లటి అంగీలు మా కంచె దగ్గరికొచ్చి వరసగా నిలబడ్డాయి. మా అత్త వాకిట్లో కుర్చీలో బఠాణీలు ఒలుస్తోంది. కదల్లేదు. వర్నీస్ లోపల వంటింట్లో ఉంది. హోసియా పెరటివైపు నుంచి వచ్చి నా ముందు నిలబడ్డాడు. చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. నా చంకలో లెవీ.

మధ్యలో ఉన్న పొడుగు మనిషి మాట్లాడాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"నువ్వేనా హోసియా?"

"అవునండీ."

"ఒక ప్లేటు గురించి వచ్చాం. తప్పుడు అచ్చు ఎక్కించింది నువ్వేనని విన్నాం. పాడింది ఈ ఇంట్లోనే ఉందని కూడా విన్నాం. ఇద్దరూ మాతో వస్తే మాట్లాడుకుందాం."

"నేను పిండి పెట్టి నొక్కేవాణ్ణండీ," అన్నాడు హోసియా. "అచ్చులు బీరువాలో ఉంటాయి. తాళంచెవి విట్మర్ దొరగారి దగ్గర ఉంటుంది. మా చెయ్యి వాటి మీద పడనివ్వరు. ఫ్యాక్టరీలో ఎవర్నడిగినా చెబుతారు. దొరగారినే అడగండి."

ఏటి మీద నుంచి గాలి వీచింది. అంగీలన్నీ ఒక్కసారి కొంచెం లేచాయి. నేను తల ఎత్తి మొహాల వైపు చూడలేదు, చూడటానికి మొహాల్లేవు. నా కళ్ళు అలవాటుగా అంచుల మీదికి పోయాయి. నీలం. పసుపు. ఎడమ చివర ఊడిపోయి బూటు మీద వేలాడుతున్న అంచు, దానికి ఆకుపచ్చ ముడి జంట.

నేను ఏం ఆలోచించానో నాకు తెలియదు. ఆలోచించి ఉంటే నోరు పెగిలేది కాదు.

"అయ్యో, అంచు కుట్టడం మర్చిపోయాను దొరగారూ," అన్నాను ఆ చివరి మనిషితో. "కాలికి తట్టుకుంటుంది. అమ్మగారితో పంపించండి, కుట్టి ఇస్తాను."

మిగతా ముసుగులు మెల్లగా అటు తిరిగాయి. ఆ చివరి మనిషి వంగి తన అంచు చూసుకున్నాడు. తెల్లటి చెయ్యి ఒకటి కిందికొచ్చి దాన్ని మడిచి పట్టుకుంది. పసుపు ముడి ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. నీలం ముడి ఆయన తన కాళ్ళ వైపు చూసుకోవడం మొదలెట్టాడు.

"తాళంచెవి నీ దగ్గరేనా ఉండేది?" అన్నాడు పొడుగు మనిషి, ఆ చివరి మనిషిని.

ఆ చివరి మనిషి అంచుని ఇంకో మడత మడిచాడు.

"కారులో మాట్లాడుకుందాం పద."

వాళ్ళు కదిలారు. పొడుగు మనిషి మాత్రం కదల్లేదు. అతని అంగీ అంచు శుభ్రంగా ఉంది. లోపల ముడి లేదు. మేం ఉతకని ఇల్లది, ఎవరో నాకు తెలియదు.

"నీ కళ్ళు బాగా పనిచేస్తాయమ్మాయ్," అన్నాడు. "పిల్లాడు ముద్దుగా ఉన్నాడు. పేరేంటి?"

వాడి పేరు అతనికి ఇస్తే వాణ్ణే ఇచ్చినట్టు అనిపించింది.

"ఇంకా పెట్టలేదండీ," అంది మా అత్త బఠాణీల మీంచి తల ఎత్తకుండా.

రెండు పళ్ళు వచ్చి, కంచె పట్టుకుని నిలబడే పిల్లాడికి పేరు లేదట. అతను కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

లోపలికొచ్చేసరికి వర్నీస్ వంటింట్లో అట్టపెట్టె కట్టుకుని సిద్ధంగా ఉంది. ఒక చేతిలో రొట్టెలు కోసే కత్తి. దాన్ని బల్ల మీద పెట్టి చెయ్యి తుడుచుకుంది.

"నువ్వు ఇప్పుడు ఎవరెవరో చూశానని వాళ్ళకి చెప్పేశావు చెల్లీ," అంది. "ఇవాళకి వెళ్ళారు."

"తెలుసు," అన్నాను.

తెల్లారగానే బయల్దేరాం. మేం నలుగురం షికాగో బండికి. ఆమె, తన నాటకాల కంపెనీ దక్షిణాన ఏదో ఊళ్ళో గుడారం వేసిందని, రెండో వైపు బండికి. మాతో వచ్చెయ్యమని హోసియా బతిమాలాడు. "అందరం ఒక్క బండిలో వెళితే ఒక్కచోటే వెతుకుతారు," అంది. మా అత్త ఆమెకి రొట్టె మూటకట్టి ఇచ్చింది. గుడ్డచెప్పులు కూడా ఇచ్చేసింది. ప్లాట్‌ఫారం మీద వర్నీస్ లెవీ నెత్తి వాసన చూసి, పట్టాలు దాటి అటువైపు వెళ్ళి నిలబడింది.

"ప్లేటు తీసుకెళ్ళు," అని అటునుంచి కేకేసింది. "మా అమ్మకి చూపించేది కాదది."

మా బండి పేట వెనక నుంచే పోతుంది. కిటికీలోంచి మా పెరడు కనబడింది. ముందురోజు ఆరేసిన బట్టలు తీగ మీదే ఉన్నాయి. ఎవరి బట్టలైనా తిరిగివ్వకుండా ఒదిలేయడం నా జన్మలో అదే మొదలు. దుప్పట్ల మధ్య రెండు అంగీలు గాలికి ఉబ్బి, బండి వైపు చేతులు చాపాయి.

---

ఇప్పుడు లెవీకి నాలుగో ఏడు. షికాగోలో హోసియా మాంసం ఫ్యాక్టరీలో చేస్తున్నాడు, దుమ్ము దగ్గు తగ్గింది. నేను లాండ్రీకి వెళ్ళను, చొక్కాల కాలర్లు కుడతాను. వీధిలో ఎవరి అంచు గాలికి లేచినా ఇప్పటికీ నా కళ్ళు ముడి కోసం వెతుకుతాయి.

పోయిన చలికాలం వర్నీస్ నాటకాల కంపెనీ మా వైపు వచ్చిందని తెలిసి హోసియా వెతుక్కుంటూ వెళ్ళాడు. డ్రమ్ములు వాయించే ముసలాయన ఈయనెవరో తెలియగానే లేచి నిలబడ్డాడట. "ఆమె మీ దగ్గరే ఉండిపోయిందనుకున్నామే," అన్నాడట. ఆ వేసవిలో వాళ్ళు ఏ బండికి చూసినా ఆమె దిగలేదు.

ఆమెది ఇంకో ప్లేటు ఏదీ ఉన్నట్టు ఎవరికీ తెలియదు. ఆ అచ్చు ఆ వేసవే కరిగించి ఉంటారు. ఊళ్ళో కొన్నవన్నీ గోడలకు తగిలి ఉంటాయి. మిగిలింది మా దగ్గర ఉన్నదే. లేబులు మీద కాగితం అంటిస్తానన్నాడు హోసియా. వద్దన్నాను. ఆమె పేరైతే రాయగలం, అది అచ్చువేసినట్టు కాదు కదా.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెడతాం, ఒక్కసారే. సూది తిరిగినప్పుడల్లా గీత కొంత అరుగుతుందట. మొదట్లో ఆమె గొంతు గదిలో ఎవరికీ చోటు మిగల్చేది కాదు. ఇప్పుడు గరగర పెరిగింది, ఆమె తగ్గింది. ఎవరో భుజాలు పట్టుకుని ఇంకో అడుగు, ఇంకో అడుగు అని వెనక్కి జరుపుతున్నట్టుంది. మూడో చరణం దగ్గర మాత్రం ఒక్కసారి ముందుకు నడిచొస్తుంది. లెవీ ఆ చోటు కోసం కాచుకుని కూర్చుంటాడు.

మొన్న ఆ చరణం వచ్చింది, ఆమె రాలేదు. గరగర వెనక ఎక్కడో చిన్నగా వినిపించి, రైలు కూతలో కలిసిపోయింది. లెవీ బూర లోపలికి తొంగి చూశాడు.

"కాస్త దగ్గరికి రమ్మనమ్మా," అన్నాడు.

సూది ఎత్తి, ప్లేటు తుడిచి, గుడ్డలో చుట్టి పైన పెట్టేశాను. వాడు ఇంకా నా వైపే చూస్తున్నాడు.

"రమ్మనే అంటున్నాను నాన్నా," అన్నాను.